ఆడపిల్లది ఏ దేశం?

సరిహద్దు అనగానే మనలో చాలామందికి ముళ్లకంచె, కాపలా గోపురం, తుపాకి పట్టుకున్న జవాను గుర్తుకొస్తారు. కొన్నేళ్లుగా నాకు మాత్రం పంచాయతీ కార్యదర్శి గుర్తుకొస్తున్నాడు. అస్సాంలో జాతీయ పౌర రిజిస్టర్ తయారైన తీరును గమనిస్తూ వచ్చినవాళ్లకు ఈ మాట వింతగా అనిపించదు. అక్కడ లక్షలాదిమంది పెళ్లయిన స్త్రీలు ఈ దేశపు మనుషులేనా అన్న ప్రశ్న, పెళ్లినాడు వాళ్లు వదిలి వచ్చిన ఊరి పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన ఒక కాగితం మీద ఆగింది.

1989లో బెర్లిన్ గోడ కూలినప్పుడు, ఆ తర్వాత రెండేళ్లకు మన దేశం కొత్త ఆర్థిక విధానాలకు తలుపులు తెరిచినప్పుడు, ఇక సరిహద్దులకు కాలం చెల్లిందన్న మాట బాగా వినిపించింది. పెట్టుబడి విషయంలో అది నిజమే అయింది. మనుషుల విషయంలో జరిగింది వేరు. బెర్లిన్ గోడ కూలేనాటికి ప్రపంచంలో దేశాల మధ్య గోడలూ కంచెలూ కలిపి పదిహేను దాకా ఉంటే, ఇప్పుడవి డెబ్భై దాటాయి. బంగ్లాదేశ్‌తో మనకున్న 4,096 కిలోమీటర్ల సరిహద్దులో చాలా భాగానికి కంచె పడింది. 2011 జనవరిలో ఆ కంచె దాటుతూ పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె కాల్పుల్లో చనిపోయి, గంటల తరబడి ముళ్లతీగకు వేలాడింది. పెళ్లి చేయడానికి తండ్రి ఆమెను సొంత ఊరికి తీసుకువెళ్తున్నాడు. ఇప్పుడు "చొరబాటుదారు" అన్న మాట లేకుండా ఎన్నికల ప్రచారం సాగడం లేదు. ఎవరు ఎవర్ని ప్రేమించాలి, ఏం తినాలి, ఏ బట్ట కట్టాలి అన్న వాటిలోనూ ఎవరో ఒకరు గీత గీసి నిలబడుతున్నారు.

ఈ చర్చ అంతటిలో స్త్రీలు ఎక్కడున్నారు? సరిహద్దున కాపలా కాసే కొడుకు తల్లిగానో, వీరుడి భార్యగానో, శత్రువు ఎత్తుకుపోకుండా కాపాడుకోవలసిన ఆస్తిగానో కనిపిస్తారు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. సరిహద్దు పటం మీద ఎక్కడ గీసినా, అది నిత్యం అమలయ్యేది స్త్రీ పెళ్లి దగ్గర, స్త్రీ ప్రయాణం దగ్గర. "ఆడపిల్ల ఎప్పటికైనా ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని మన ఊళ్లలో నవ్వుతూ అనే మాటను రాజ్యం నవ్వకుండా చట్టంగా రాసుకుంది.

అస్సాం సంగతి కాస్త వివరంగా చూద్దాం. 1985 ఆగస్టు 15న కుదిరిన అస్సాం ఒప్పందం ప్రకారం 1971 మార్చి 24 అర్ధరాత్రిని గీటురాయిగా పెట్టారు. ఆ లోపు తాము గానీ తమ పూర్వీకులు గానీ ఇక్కడ ఉన్నట్టు ప్రతి మనిషీ చూపించుకోవాలి. దానికి రెండు రకాల కాగితాలు కావాలి. మొదటిది 1951 నాటి పౌర రిజిస్టరులోనో 1971 వరకు వచ్చిన ఓటర్ల జాబితాల్లోనో ఉన్న తండ్రి పేరో తాత పేరో. రెండవది ఆ తండ్రికి తాను బిడ్డనే అని చూపించే కాగితం. మగవాడికి ఈ రెండవది పెద్ద కష్టం కాదు. పుట్టిన ఊళ్లోనే ఉంటాడు, అక్కడి ఓటర్ల జాబితాలోనే తండ్రి పేరు పక్కన తన పేరు ఎక్కుతుంది, భూమి కాగితాల్లో వారసుడిగా ఉంటాడు. ఆడపిల్లకు బడి సర్టిఫికెట్టు లేదు, ఎందుకంటే బడికి పంపలేదు. భూమి కాగితంలో పేరు లేదు, ఎందుకంటే వాటా ఇవ్వలేదు. పుట్టిన తేదీ ఎక్కడా నమోదు కాలేదు. ఓటు హక్కు వచ్చే వయసుకు ముందే పెళ్లి చేశారు కాబట్టి ఆమె పేరు మొట్టమొదట ఓటర్ల జాబితాలో కనపడేది ఫలానావాడి భార్యగా, వేరే ఊళ్లో. తండ్రితో ఆమెను కలిపే కాగితం ఒక్కటే మిగిలింది. ఫలానావారి కూతురు పెళ్లయి ఫలానా ఊరు వెళ్లింది అని పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం.

దాదాపు 48 లక్షలమంది ఈ పత్రంతో దరఖాస్తు చేసుకున్నారు. అందులో 29 లక్షలమంది పెళ్లయిన స్త్రీలు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు ఆ పత్రం చెల్లదంది. ఆ ఏడాది డిసెంబరు దాకా, అంటే సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి తగిన పరిశీలన తర్వాత దాన్ని తీసుకోవచ్చునని చెప్పేదాకా, 29 లక్షలమంది స్త్రీల పౌరసత్వం గాలిలో వేలాడింది. ఆ తర్వాత కూడా పరిశీలన పేరుతో వాళ్లు పుట్టిన ఊరికీ మెట్టిన ఊరికీ మధ్య ఎన్నిసార్లు తిరిగారో, ఆ బస్సు చార్జీలు ఎవరి కూలిడబ్బులో ఏ లెక్కల్లోనూ ఉండదు. 2019 ఆగస్టు 31న వచ్చిన చివరి జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. చాలా కుటుంబాల్లో భర్త ఉన్నాడు, పిల్లలు ఉన్నారు, భార్య లేదు. రిజిస్టరుకు ముందునుంచీ, అంటే 1997 నుంచి, ఓటర్ల జాబితాలో పేరు పక్కన "అనుమానాస్పదం" అని గుర్తు పెట్టి ట్రిబ్యునళ్లకు పంపడం జరుగుతూనే ఉంది. విదేశీయురాలు అని తేలిన స్త్రీలను కోక్రాఝార్ జైలులోనే ఒక భాగాన్ని నిర్బంధ కేంద్రంగా చేసి ఉంచారు. అక్కడ నిరూపించుకోవలసిన భారం ప్రభుత్వానిది కాదు, నిందపడిన మనిషిది. చదువూ, ఆస్తీ, నిర్ణయమూ లేకుండా చేసిన సమాజమే, ఆ లేమికి కాగితం చూపించమని ఆమెను అడిగింది.

ఇదంతా ఎక్కడో బ్రహ్మపుత్ర ఒడ్డున జరిగిన సంగతి అనుకోవడానికి లేదు. 2025లో బీహారులో ఓటర్ల జాబితా సవరణ జరిగినప్పుడు 2003 జాబితాలో పేరు లేనివాళ్లు తమ పుట్టుకకు రుజువు చూపాలనీ, 1987 జులై తర్వాత పుట్టినవాళ్లయితే తల్లిదండ్రుల కాగితాలు కూడా తేవాలనీ అన్నారు. చాలామంది కోడళ్లు మళ్లీ పుట్టింటి గడప తొక్కవలసి వచ్చింది. మన జిల్లాల్లో అలాంటిది వస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మనకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. కొన్ని కులాల్లో, కొన్ని ఇళ్లలో అసలు పేరే మారుతుంది. అత్త పేరూ కోడలి పేరూ ఒకటైతే కోడలిని ఇంకో పేరుతో పిలవడం, ఆ పిలుపే రేషన్ కార్డుకు ఎక్కడం మనకు తెలియనిది కాదు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి బిడ్డ పుట్టుక ఒక మండలంలో, పెంపకం ఇంకో మండలంలో. బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు ఉన్న స్త్రీలు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఇన్నాళ్లూ అది పింఛను ఆగిపోయే సమస్య. దేశం ఆగిపోయే సమస్య కావడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

2025లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక గర్భిణిని ఢిల్లీలో పట్టుకుని బంగ్లాదేశీ అని సరిహద్దు అవతలికి నెట్టేశారు. సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆమెను వెనక్కి తీసుకురమ్మంది, డిసెంబరులో గానీ ఆమె తిరిగి రాలేదు. ఆ నెలలన్నీ ఆమె వాళ్ల భయం ఒకటే, కాన్పు అవతల జరిగితే బిడ్డ ఎవరి బిడ్డ అవుతుంది అని. కంచె ఎక్కడుందో చూడండి.

సరిహద్దు గీయగానే స్త్రీలను లెక్కపెట్టుకోవడం మన రెండు దేశాలూ పుట్టిన రోజునుంచీ ఉంది. 1947 డిసెంబరులో భారత పాకిస్తాన్ ప్రభుత్వాలు తమ తమ స్త్రీలను వెనక్కి తెచ్చుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. 1949లో శాసనసభగా పనిచేస్తున్న మన రాజ్యాంగ సభ దానికోసం ఒక చట్టమే చేసింది. ఆ చట్టంలో "అపహరించబడిన వ్యక్తి" అంటే ఎవరో చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1947 మార్చి 1కి ముందు ముస్లిం అయివుండి, ఆ తర్వాత కుటుంబానికి దూరమై ఇంకొక వ్యక్తి దగ్గరో కుటుంబం దగ్గరో ఉన్న పదహారేళ్లలోపు మగపిల్లవాడు, లేదా ఏ వయసు స్త్రీ అయినా. నలభై ఏళ్ల స్త్రీ కూడా చట్టం దృష్టిలో పదిహేనేళ్ల పిల్లవాడితో సమానం. ఆమెను పోలీసులు వారంటు లేకుండా తీసుకుపోవచ్చు, శిబిరంలో ఉంచవచ్చు. నేను వెళ్లను అని ఆమె అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు. ఇది రాజ్యాంగం చెప్పే అరెస్టు కిందకు రాదని 1952లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బలవంతంగా ఎత్తుకుపోబడి, అమ్మబడి, చెప్పలేని హింసకు గురై, ఆ రక్షణ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఆ శిబిరాలే దిక్కయ్యాయి. ఆ మాట దాటేయడం అన్యాయం. కానీ అన్నీ పోగొట్టుకున్న తర్వాత కొత్తగా ఒక ఇల్లు కూడగట్టుకుని, బిడ్డల్ని కని, మళ్లీ లాగవద్దని ఏడ్చిన స్త్రీలూ ఉన్నారు. దాదాపు 30 వేలమందిని రెండు వైపులా "స్వాధీనం" చేసుకున్నారు. ఆ పని నడిపిన మృదులా సారాభాయి, అందులో పనిచేసిన కమలాబెన్ పటేల్ వంటివాళ్లు నిబద్ధత ఉన్న మనుషులు. అందులోనే ఉన్న రామేశ్వరీ నెహ్రూ మాత్రం స్త్రీల ఇష్టానికి వ్యతిరేకంగా తరలించడం తగదని వాదించి 1949లో తప్పుకున్నారు. స్త్రీల సంక్షేమం కోసం పనిచేసేవాళ్ల మధ్య వచ్చిన ఆ చీలికను మన ఉద్యమ చరిత్రలో ఇంకా సరిగ్గా చదువుకోలేదని నా అభిప్రాయం. ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్ 1998లో తమ పుస్తకాల ద్వారా ఆ స్త్రీల గొంతుల్ని మన ముందు పెట్టేదాకా దేశ విభజన అంటే నాయకుల కథే.

పెళ్లితో పౌరసత్వాన్ని ముడిపెట్టడం మన ఒక్కరిదే కాదు. విదేశీయుణ్ణి చేసుకున్న బ్రిటిష్ స్త్రీ 1948 దాకా తన జాతీయతను పోగొట్టుకునేది. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారానే పౌరసత్వం వచ్చేది. తల్లి కూడా లెక్కలోకి వచ్చింది 1992 సవరణతో. మన పాత హైదరాబాదు ముల్కీ నిబంధనల్లో ముల్కీ అనిపించుకోవడానికి ఉన్న దారుల్లో ఒకటి ముల్కీకి భార్య కావడం. జమ్మూ కాశ్మీరులో బయటివాణ్ణి చేసుకున్న స్త్రీకి స్థానిక హోదా పోదని హైకోర్టు 2002లో చెబితే, దాన్ని తిరగదోడే బిల్లును 2004లో అక్కడి శాసనసభ ఆమోదించింది. మండలిలో ఆగబట్టి సరిపోయింది. 2019 ఆగస్టులో ప్రత్యేక ప్రతిపత్తి తీసేసిన మర్నాటినుంచి ఇక కాశ్మీరు పిల్లల్ని పెళ్లి చేసుకోవచ్చునని బయటి నాయకులు కొందరు బహిరంగంగా మాట్లాడారు. సరిహద్దు ఉంటే ఆడపిల్ల బయటికి పోతుందని ఒకరి బాధ, సరిహద్దు పోతే ఆడపిల్ల దొరుకుతుందని ఇంకొకరి సంబరం. ఇద్దరి లెక్కలోనూ ఆమె భూమితో పాటు వచ్చేదే. సిక్కింలో బయటివాళ్లను చేసుకున్న స్త్రీలకు మాత్రమే పన్ను మినహాయింపు తీసేసిన నిబంధనను 2023 జనవరిలో గానీ సుప్రీంకోర్టు కొట్టెయ్యలేదు.

ఇక మనకు మరీ దగ్గరి సరిహద్దు, గల్ఫ్. ఉభయ గోదావరి ప్రాంతాలనుంచీ కడపనుంచీ స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. ఖద్దామా వీసా అంటే ఏమిటో, అకామా అంటే ఏమిటో, యజమాని ఇంటినుంచి బయటపడ్డ మనిషిని ఖల్లివల్లి అని ఎందుకంటారో అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఎగ్గొట్టడం, కొట్టడం, అంతకంటే ఘోరాలు జరుగుతున్నాయి. వాటికి మన ప్రభుత్వం ఎంచుకున్న మందు స్త్రీని ఆపడం. పదో తరగతి చదవని స్త్రీ, వయసు ముప్ఫై నిండకపోతే ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్లకూడదన్న నిబంధన పెట్టారు. 2016 ఆగస్టునుంచి ప్రభుత్వ సంస్థల ద్వారా తప్ప పంపకూడదన్నారు. నేపాల్ 1998లో, శ్రీలంక 2013లో ఇలాంటి కట్టడులే తెచ్చాయి. శ్రీలంకలో అయితే అయిదేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లి కదలకూడదన్నారు. తండ్రికి ఆ షరతు లేదు.

ఈ నిబంధనలవల్ల వెళ్లడం ఆగలేదు. దొంగదారి పెరిగింది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో పంపి అక్కడినుంచి తిప్పుతాడు. ఇక ఆమె రాయబార కార్యాలయంలో పేరు లేని మనిషి. ఏ గడపకు వెళ్లి ఫిర్యాదు చేయాలన్నా ముందు తాను చట్టం తప్పి వచ్చినట్టు ఒప్పుకోవాలి. ఆపద వచ్చిననాడు అండగా ఉండవలసిన కాగితాన్ని ఆమె భద్రత పేరుతోనే తీసేశాం. ఊళ్లలో తిరిగినప్పుడు నేను తరచుగా విన్నది, ఏజెంటు మోసంకంటే ఎక్కువగా, విమానాశ్రయంలో అధికారి అడిగే ప్రశ్నల గురించి. భర్త ఒప్పుకున్నాడా, పిల్లల్ని ఎవరికి వదిలావు? పక్క వరుసలో దోహా వెళ్తున్న మేస్త్రిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఆ కువైట్‌లోనే 2024నుంచి, పెళ్లి ద్వారా పౌరసత్వం పొందిన విదేశీ స్త్రీల పౌరసత్వాన్ని వేల సంఖ్యలో రద్దు చేస్తూ వచ్చారు. ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఆ దేశపు మనిషినే అనుకున్న స్త్రీ ఒక ఉదయం జాబితాలో తన పేరు చూసుకుంది. పాత దేశపు పౌరసత్వం ఆనాడే వదులుకుంది. పెళ్లితో ఇచ్చిన దేశాన్ని ఒక ఉత్తర్వుతో వెనక్కి తీసుకున్నారు.

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే సరిహద్దులే వద్దంటావా అని అడగవచ్చు. అంత తేలిగ్గా అనలేను. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసిన ఎవరూ అనలేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని గట్టిపరిచిన 1/70 చట్టం ఆదివాసీల చుట్టూ గీసిన సరిహద్దే. అది లేకపోతే ఈపాటికి భద్రాచలం, రంపచోడవరం కొండల్లో వాళ్లకు అడుగు భూమి మిగిలేది కాదు. బలహీనుడు గీసుకున్న గీతనూ, బలవంతుడు గీసిన గీతనూ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే ఆ గీత కూడా ఎక్కడ తెగిందో గమనించండి. గిరిజనేతరుడు భూమి కొనకూడదు గనక ఆదివాసీ స్త్రీని "చేసుకుని" ఆమె పేరుమీద పొలం పెట్టుకుంటాడు. కింద ఊళ్లో అతనికి పెళ్లాంపిల్లలు ఉంటారు. కాగితాల్లో భూమి ఆమెది, పంట అతనిది, బిడ్డలు ఎవరిదీ కాదు. ఇది చూసిన ఆదివాసీ పెద్దలు కొందరు, బయటివాణ్ణి చేసుకున్న పిల్లకు తెగలో హక్కు ఉండకూడదంటారు. వాళ్ల భయం నిజమైనదే, నేను కొట్టిపారెయ్యను. కానీ శిక్ష ఆక్రమించినవాడికి పడదు, ఆక్రమణకు పనిముట్టు అయిన స్త్రీకి పడుతుంది. ఆమె బిడ్డను తల్లి తెగలోనే, ఆ కష్టాల్లోనే పెరిగిన బిడ్డగా చూడవచ్చునని సుప్రీంకోర్టు 2012లో అన్నది. బినామీ భర్తను భూమినుంచి తప్పించి ఆమెనూ బిడ్డలనూ తెగలో నిలబెట్టే పోరాటమే ఆ సరిహద్దును నిజంగా కాపాడుతుంది. ఏజెన్సీలో పనిచేస్తున్న సంఘాలు దీన్ని ఆదివాసీ స్త్రీలతోనే కూర్చుని చర్చించాలి, పెద్దమనుషుల పంచాయతీకి వదిలేయకూడదు.

మన పనుల్లోకి వస్తే, మొదటి మాట రక్షణ గురించి. అక్రమ రవాణా పేరుతో దాడి చేసి స్త్రీలను హోముకు తరలించేటప్పుడు, అక్కడినుంచి "సొంత ఊరికి" అప్పగించేటప్పుడు ఆమె ఎక్కడికి వెళ్తానంటోందో రాసే గడి ఉందా? ఉంటే దానికి విలువ ఉందా? 1949 చట్టం 1957లోనే ముగిసిపోయింది. దాని పద్ధతి మాత్రం చాలా హోముల రిజిస్టర్లలో సజీవంగానే ఉంది. గల్ఫ్ విషయంలో వయసు నిబంధన ఎత్తెయ్యమని అడుగుదాం. దానికి బదులు అక్కడి యజమాని మీద కేసు నడిపే బాధ్యత, జీతం రాబట్టే బాధ్యత మన రాయబార కార్యాలయం మీద పెట్టమందాం. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రులిద్దరిలో ఒకరి పేరు చాలుననీ, పెళ్లి ధ్రువపత్రం అక్కర్లేదనీ 2016 డిసెంబరులో ఒప్పుకున్నారు. ఒంటరి తల్లులు, విడిపోయిన స్త్రీలు ఏళ్ల తరబడి కౌంటర్ల దగ్గర పోట్లాడగా వచ్చింది అది. పౌరసత్వానికి అడిగే ప్రతి కాగితంలోనూ అదే అడగవచ్చు.

రెండవది ఇంకా చిన్న పని. మన మహిళా సంఘాల పుస్తకాలు తీసి చూడండి. సభ్యురాలి పేరు పక్కన భర్త పేరు రాసే గడి ఉంటుంది. పుట్టిన ఊరు ఉండదు, తల్లి పేరు ఉండదు, పెళ్లికి ముందున్న ఇంటిపేరు ఉండదు. లక్షలాదిమంది స్త్రీల వివరాలు మన చేతుల్లోనే ఉన్నాయి, వాటిని మనమే ఫలానావారి భార్య అని రాసి పెట్టుకున్నాం. వచ్చే నెల సమావేశంలో ఆ మూడు గడులూ గీయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. పుట్టింటి ఊళ్లో పంచాయతీ రికార్డు ఇంకా ఉందో లేదో, తల్లి బతికుండగానే వెళ్లి చూసి రమ్మనాలి.